నా చేతులు లేని పాట

"ఈసారి పాట నువ్వు లేకుండా రాసెయ్" అన్నాడు మా ఆయన థర్మన్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నేను వాళ్ళమ్మకి మొక్కజొన్న జావ పడుతున్నాను. పక్షవాతం వచ్చాక ఆవిడ మింగాలంటే గొంతు నిమరాలి. నిమురుతున్నాను.

"బుధవారం సాయంత్రాలు నువ్వూ సాధనకొస్తే అమ్మ దగ్గర ఎవరుంటారు చెప్పు? మిగతా నలుగురూ వాయించేస్తార్లే. నీకదెంత పని!"

నిజమే, నాకది అలవాటే. మేకన్ ఊళ్ళో మా చర్చి చేతిగంటల బృందం ఒకప్పుడు పెద్దది. ఒకావిడ అట్లాంటా వెళ్ళిపోయింది, ఒకావిడ పోయింది, ఇంకొకావిడకి భుజం పట్టేసింది. ఎవరు తగ్గినా వాళ్ళ స్వరాలను మిగిలిన చేతులకి పంచి పాటని మళ్ళీ రాసేది నేనే. మా ముత్తవ్వలు బానిసలుగా పత్తిచేలల్లో పాడుకున్న పాటలవి. గొంతుతో సాగదీసిన మూలుగుని, కొడితే ఒక్క స్వరమే పలికే గంటల్లోకి తేవాలి. ఊరంతా దాన్ని థర్మన్ బృందం అంటుంది, ముందు నిలబడి చేతులూపేది ఆయన కనుక. ఇంట్లో మాత్రం "నీ టింగుటింగులు" అంటాడు. ఆ టింగుటింగులప్పుడు తప్ప వారమంతా ఈ చేతులు నావి కావు.

అయినా రాయడానికి కూర్చున్నాను. కాదనడం నాకెవరు నేర్పారు గనక? రబ్బరుతో నా స్వరాలు చెరిపాను. కొన్ని నా పక్కన వాయించే డెల్ఫీన్‌కి ఇచ్చాను. మిగతావి ఎవరికీ పట్టలేదు, రెండు చేతులతో ఎన్ని గంటలని అందుకుంటారు? వదిలేశాను. నేను పోయినా ఇంతే కదా అనిపించింది. వంటా, పక్కబట్టలూ, అత్తగారి మలమూత్రాలూ పంచుకునే చేతులు ఈ ఇంట్లో లేవు కాబట్టే నన్నుండనిస్తున్నారేమో. కాగితం మీద ముఖం ఆన్చి ఏడ్చాను. లోపల్నుంచి ఆవిడ మూలిగింది. ముఖం తుడుచుకుని లేచాను.

బుధవారం ఆ కాగితాలే మర్చిపోయి వెళ్ళాడు. "పట్రా" అని ఫోన్. అత్తగారిని వదల్లేక చక్రాలకుర్చీలో తోసుకుంటూ చర్చికి వెళ్ళాను.

వాయించారు. నేను చెరిపిన చోటల్లా గుండె ఆగినట్టు ఆగింది పాట.

"ఇదేంటే అర్వెల్లా, పళ్ళూడిన నోరులా ఉంది?" అంది డెల్ఫీన్.

"బానే ఉంది. వినేవాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాడు థర్మన్.

"నాకు తెలుస్తోందిగా, బ్రదర్!"

ఆయన వినిపించుకోలేదు. మళ్ళీ తాళం మొదలుపెట్టి, నా వైపు చూడకుండా, వేలితో వాళ్ళమ్మని చూపించాడు. "చొంగ కారుతోంది, తుడువు."

తుడిచాను. తర్వాత కుర్చీ తోసుకెళ్ళి ఆయన పక్కన ఆపి, బ్రేకు వేసి, తువ్వాలు ఆయన భుజాన వేశాను.

"జావ సంచిలో ఉంది. గొంతు నిమిరితే మింగుతుంది."

"పిచ్చెక్కిందా? అందరి ముందూ ఏంటిది?"

గంటల బల్ల దగ్గరికెళ్ళి చేతులకి తొడుగులు వేసుకున్నాను. డెల్ఫీన్ పక్కకి జరిగి చోటిచ్చింది. ఇంటికెళ్ళాక ఏమేం పడాలో నాకు తెలుసు.

"పాట ఎవరు నడిపిస్తారే మరి?" అని అరిచాడు, తువ్వాలు చేత్తో పట్టుకుని.

గంట ఎత్తాను.