గుమ్మం మీది మట్టిగూడు

గోదావరికి పెద్ద వరద వచ్చిన మూడో ఏడు. స్టూడియో అబ్బులు పెళ్లి ఫొటోలు తగ్గించి పురుగుల వెంట పడ్డ ఏడది.

నేను ఒక కెమెరా లెన్సుని. ఎక్కడో చలిదేశంలో గాజు సానబట్టి నన్ను చేశారు. మొదట ఒక పత్రికాయన మెళ్లో తిరిగాను. ఆయన మంత్రుల్ని చూపించాడు. తర్వాత అబ్బులు కొన్నాడు. పెళ్లికూతుళ్లని చూపించాడు. నా ముందుకొస్తే మనుషులు మొహం మార్చేస్తారు. అలవాటైపోయింది.

ఒకరోజు అబ్బులు నన్ను వెనకది ముందుకి తిప్పి కెమెరాకి బిగించాడు. అలా బిగిస్తే చీమ కాలి మీది నూగు కూడా కనిపిస్తుంది. పురుగులు మొహం మార్చవు. నాకు నచ్చింది.

ఆ వేసవిలో ఒక కందిరీగ తడిమట్టి ఉండలు మోసుకొచ్చి అబ్బులు వాళ్ల గుమ్మం మీద గూడు కట్టింది. అలా కట్టిన ఇంట్లో కడుపు పండుతుందని అక్కడి నమ్మకం. అబ్బులు భార్య గంగారత్నానికి పిల్లల్లేరు. బూజుకర్ర అటు పోనిచ్చేది కాదు.

"తలుపు గట్టిగా వెయ్యకండి, గూడు అదిరిపోద్ది."

"నాకంటే ఆ పురుగే ఎక్కువైపోయిందే నీకు!"

"అది ఇల్లు కట్టిందండి. మీరేం కట్టేరు, అద్దె తప్ప?"

కందిరీగ ఒక పురుగుని తెచ్చి, చుట్టూ ఝుమ్మని తిరిగి, తనలాగా మార్చుకుంటుందని పెద్దలు చెబుతారు. ఆ మార్పు ఫొటో తీయాలని అబ్బులుకి పట్టుకుంది. ఆమె సంతకి వెళ్లగానే చాకుతో గూడు చీల్చాడు. నన్ను దగ్గరికి ఆనించాడు.

లోపల ఆకుపచ్చ పురుగులు. చావలేదు, కదల్లేవు. చస్తే కుళ్లిపోతాయని తల్లి కందిరీగ చావకుండా కుట్టి, తన పిల్లకి తిండిగా వదిలేసింది. ఆ పని తెలియని కందిరీగల పిల్లలు ఏ కాలంలోనో ఆకలికి పోయి ఉంటాయి. తెలిసినవాటి సంతతే మిగిలింది. పురుగుల మధ్య తెల్లటి పిల్ల ఒకటి, వాటిని మెల్లగా తింటోంది. అక్కడ ఏదీ ఇంకోదానిగా మారడం లేదు.

గాలి తగిలి పిల్ల ముడుచుకుంది. చీమలు వచ్చాయి. నాకు రెప్పల్లేవు. రీలు అయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.

గంగారత్నం వచ్చి గుమ్మం కేసి చూసింది. చేతిలో సంచీ దించలేదు.

"ఫొటో బాగా వచ్చిందాండీ?"

"మళ్లీ కడద్దిలే," అన్నాడు అబ్బులు.

"పిల్ల పోయిన చోట ఏ తల్లి కడద్దండీ?"

అతను నన్ను విప్పి కిటికీలో పెట్టేశాడు. మూత పెడితే బాగుండుననిపించింది. పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే రీలు ఎండలోకి సాగదీసి పారేశాడు. బిందెడు నీళ్లు తెచ్చి, గుమ్మం ఎదుట మట్టి మెత్తగా తడిపాడు. అది ఆరిపోకుండా చెంబుతో చిలకరిస్తూ పక్కనే కూర్చున్నాడు.