ఒకే గీత మీద కోసిన అచ్చు

ఆ ఇంట్లో ‘వద్దు’ అనే మాట మీద సర్వహక్కులూ అచ్చుల మేస్త్రివే. మెట్ల మీద పరిగెత్తొద్దు, తడిచేత్తో స్విచ్చి ముట్టుకోవద్దు, వానొస్తే బయటికి వెళ్లొద్దు, వాన రాకపోయినా వెళ్లొద్దు. ఈయన నిద్రలో కూడా ఏదో ఒకటి వద్దంటూనే ఉంటాడని భార్య నవ్వేది. అడ్డుపుల్ల అని పేరు పెట్టిందీ ఆవిడే. కూతురు ఆ పేరు అందిపుచ్చుకుని, తండ్రి చెప్పుల చప్పుడు వినపడగానే "అడ్డుపుల్లగారు వేంచేస్తున్నారు" అని ప్రకటించేది. నిజం చెప్పాలంటే మేస్త్రి చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఒక్కతే కూతురు. ఆ పిల్ల గడప దాటితే అతని ప్రాణం సగం గడప బయటే ఉండేది.

అలాంటివాడు కూతురికి తన చేత్తో స్కేట్‌బోర్డు తయారుచేశాడంటే దానికో కారణం ఉంది. పిల్ల చాలాకాలం లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పి, స్నేహితురాలి బోర్డు మీద ఊరంతా తిరిగింది. ఒకరోజు మణికట్టుకి పిండికట్టుతో ఇంటికొచ్చాక గానీ ఆ లైబ్రరీకి చక్రాలున్నాయని తల్లిదండ్రులకి తెలియలేదు. మేస్త్రి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆ కోపంలో నోటికొచ్చిన కారణాలన్నీ ఏకరువు పెడుతూ, "ఎరువు సొమ్ము బరువు చేటు. ఒకళ్ల బోర్డు నీకెందుకు?" అన్నాడు.

"అయితే నువ్వే చేసివ్వు నాన్నా. నీ పనే అచ్చులు చెయ్యడం కదా" అంది కూతురు.

వంటింట్లోంచి భార్య పకాలున నవ్వింది. తన మాటకి తనే దొరికిపోయిన మేస్త్రి రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు ఇంటి వెనక షెడ్డులో దీపం వేశాడు.

అతను పనిచేసేది రేకుల కార్ఖానాలో. పల్చటి రేకుని రెండు చెక్క అచ్చుల మధ్య పెట్టి నొక్కి ట్రేలు, మూతలు, దీపాల గొడుగులు తీస్తారు. ఆ అచ్చులు చెక్కేది ఇతనే. దిమ్మ మీద ఒక వంపు గీత గీస్తాడు, ఆ గీత మీద ఒకే కోత కోస్తాడు. పైముక్క పై అచ్చు, కిందిముక్క కింది అచ్చు. రెండూ కలిపితే మధ్యలో వెంట్రుక కూడా దూరదు. ఆ ఒక్క కోత మీదే అతని పేరు నిలబడింది. ఎంత వాడుకైన పనంటే, చెయ్యి కదులుతుంటే బుర్రకి సెలవిచ్చేవాడు.

బోర్డు పని మొదలయ్యాక సాయంత్రాలు ఆ షెడ్డులో వేరే లోకం. పెద్ద కాగితాన్ని నిలువునా మడిచి సగం ఆకారం గీసి కత్తిరించారు. విప్పితే రెండు వైపులా ఒకేలా వచ్చింది. దాన్ని గట్టి అట్ట మీద అంటించి నమూనా కోశారు. కూతురు చెప్పులు విప్పి ఆ అట్ట మీద నిలబడితే, మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని ఆ పాదాల చుట్టూ పెన్సిలు తిప్పాడు.

"తోక ఇంకాస్త లేవాలి నాన్నా."

"అది లేస్తే నువ్వు లేస్తావు."

"లేవడానికే కదా ఇదంతా."

"నేలేమన్నా కరుస్తుందా? అక్కడే ఉండరాదూ" అని గొణుక్కుంటూనే అచ్చు దిమ్మ మీద తోక వంపు కాస్త పైకి గీసి, ఎప్పటిలా ఒకే కోత కోశాడు. జీవితంలో మొదటిసారి వద్దనకుండా ఒక పని చేస్తున్నాడు. అది ఇంత హాయిగా ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

పల్చటి చెక్క పొరలు ఏడు తెచ్చారు. ముందు గమ్ము లేకుండా ఉత్తి పొరలు అచ్చులో పెట్టి బిగించి చూశారు. ఆ తర్వాత అచ్చులకి గమ్ము అంటకుండా ప్లాస్టిక్ కాగితం పరిచి, పొరపొరకీ గమ్ము పూసి, మరలన్నీ బిగించారు. ఎప్పుడూ గలగలమనే పిల్ల ఆ పూట ఎందుకో మాట్లాడలేదు. తన పనితనం చూసి మురిసిపోతోందనుకున్నాడు మేస్త్రి. బోర్డు తయారై, చక్రాలు బిగించి, పైన గరుకు కాగితం అంటించాక ఆ పిల్ల దాన్ని గుండెకి హత్తుకుని "మన బోర్డు నాన్నా" అంది. ఆ ‘మన’ అన్న మాట అతని చెవుల్లో చాలా రోజులు ఉండిపోయింది.

ఊళ్లో స్కేట్‌బోర్డు పోటీలకి కూతురు పేరిస్తే మేస్త్రి వద్దనలేదు. పోటీల రోజు పొద్దున్నే ఆ పిల్ల బోర్డు తీసుకుని వెళ్లిపోయింది. భార్య డ్యూటీకి వెళ్లింది. మేస్త్రి షెడ్డులోకొచ్చి, తను ఒంటరిగా, దొంగచాటుగా నొక్కి ఉంచిన రెండో బోర్డుని అచ్చులోంచి తీశాడు. పోటీ అయిపోయాక చేతిలో పెట్టి ఆశ్చర్యపరచాలని అతని ఆశ. నమూనా ప్రకారం కోసి, చక్రాల కోసం చిల్లులు వేస్తుంటే డ్రిల్లు మధ్యలో ఒక్కసారిగా జారింది. చెక్కలో దిగాల్సిన ములుకు గాలిలోకి దిగినట్టు జారింది. వేలి కణుపుతో కొట్టి చూశాడు. అంచుల దగ్గర గట్టిగా, మధ్యలో బోలుగా మోగింది.

రంపం తీసి అడ్డంగా కోశాడు. మధ్యలో పొరలు విడివిడిగా, పాత పుస్తకం కాగితాల్లా నిలబడి ఉన్నాయి. గోరు దూరింది.

మేస్త్రి అచ్చుల వంక చూశాడు, చేతిలో ముక్క వంక చూశాడు. అప్పుడు అర్థమైంది. రేకుకి మందం ఉండదు, చెక్కకి ఉంటుంది. ఏడు పొరలు మధ్యలో దూరినప్పుడు కింది వంపూ పై వంపూ ఒకటి కావు. పై అచ్చుకి వేరే గీత గియ్యాలి. తను అలవాటు కొద్దీ ఒకే గీత మీద కోశాడు. అంచుల దగ్గర వాలు ముందే నొక్కుకుపోయి, మధ్యలో బిగువు పడలేదు. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా ఒకసారి ఆలోచిస్తాడు. తను ఆలోచించలేదు.

కూతురి బోర్డు ఈ అచ్చులోదే. కోసిన ముక్కనీ రంపాన్నీ సంచిలో పడేసుకుని సైకిలెక్కాడు. దారిలో ఏ సందు తిరిగాడో, ఎవరిని తిట్టాడో, ఎవరిచేత తిట్లు తిన్నాడో అతనికి గుర్తు లేదు.

మైదానంలో సిమెంటుతో కట్టిన పెద్ద గుంట. పిల్లలు దాని అంచు మీద బోర్డు తోక నొక్కిపెట్టి, ఒక్క ఊపులో కిందికి దూకుతున్నారు. కూతురు వరుసలో నిలబడి ఉంది. తండ్రిని చూసి ముందు ఆ పిల్ల ముఖం వెలిగింది. చూడ్డానికి వచ్చాడనుకుంది పాపం.

"బోర్డు ఇలా ఇవ్వు."

"ఏమైంది నాన్నా?"

చెయ్యి పట్టుకుని పక్కనున్న బెంచీ దగ్గరికి తీసుకెళ్లాడు. సంచిలోంచి ముక్క తీసి చూపించాడు. "రెండోది చేశాను, నీకిద్దామని. చూడు, మధ్యలో అతుక్కోలేదు. అచ్చు తప్పు. నాదే తప్పు. నీదీ ఇలాగే ఉంటుంది. దీని మీద దూకితే మధ్యకి విరుగుతుంది."

కూతురు ఆ ముక్కని తిప్పి తిప్పి చూసింది. తర్వాత మెల్లిగా, "నాది ఇలా ఉండదు నాన్నా" అంది.

"అచ్చు ఒకటే కదా."

"గమ్ము లేకుండా బిగించి చూశాం చూడు, అప్పుడు నువ్వు గమ్ము కలపడానికి వెళ్లావు. నేను చివర నుంచి టార్చి వేసి చూశాను. మధ్యలో వెలుతురు కనపడింది. అందుకని పాత సైకిలు ట్యూబు పట్టీలుగా కోసి, పై అచ్చు మధ్యలో, ప్లాస్టిక్ కాగితం చాటున అంటించాను. మధ్యలో కూడా గట్టిగా నొక్కుకుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు మానేసేవాడివి. మొదటిసారి ఒప్పుకున్నావు కదా నాన్నా."

ఆ పూట పిల్ల ఎందుకు మాట్లాడలేదో అతనికి ఇప్పుడు తెలియాలి. తెలిసింది కూడా, ఒక్క క్షణం. కానీ అనుమానం పెనుభూతం. వరుసలో ముందున్న పిల్ల అంచు మీద నుంచి దూకింది. ఆ చక్రాల రొద వినగానే తెలిసిందంతా ఎగిరిపోయింది.

"ఏదీ ఆ ట్యూబు?"

"తీసి పారేశాను."

"లైబ్రరీ సంగతి కూడా ఇంత నమ్మకంగానే చెప్పావు."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని మేస్త్రికి వెంటనే తెలిసింది. కానీ పెదవి దాటిన మాట ఎవరికి దొరుకుతుంది?

బోర్డు తిరగేసి వేలితో కొట్టాడు. పైన గరుకు కాగితం, కింద ఇనుప ఇరుసులు, చెవి పక్కనే మైకు గోల. బోలో గట్టో ఏమీ తేలలేదు. మళ్లీ కొట్టాడు. మైకులో కూతురి పేరు పిలిచారు. ఆ పిల్ల చెయ్యి చాపింది.

"ఇవ్వు నాన్నా. నన్ను నమ్ము."

నమ్మితే, విరిగితే? ఈ ఒక్క ప్రశ్న తప్ప అతని బుర్రలో ఇంకేమీ లేదు. బోర్డుని బోర్లా బెంచీ మీద పెట్టాడు, మోకాలు అదిమాడు, సంచిలోంచి రంపం తీశాడు.

"కొయ్యకు నాన్నా" అంది కూతురు. ఒక్కసారే అంది. లాక్కోలేదు, అరవలేదు. చుట్టూ ఉన్న పిల్లలు ఆటలాపి చూస్తున్నారు. వాళ్లలో ఒకళ్లు ఎవరీయన అని అడిగితే, మా నాన్న అని చెప్పింది.

రంపం కష్టంగా దిగింది. సగానికొచ్చేసరికే మేస్త్రి చేతికి అర్థమైపోయింది. బోలు చెక్క ఇలా ఎదురు తిరగదు. ఆ చెయ్యి ఎన్నో ఏళ్లుగా చెక్కని ఎరుగును. అయినా ఆపలేదు. సగం కోసిన బోర్డు మాత్రం ఎవరికి పనికొస్తుంది గనక.

చివర గరుకు కాగితం కూడా తెగి, బోర్డు రెండు ముక్కలైంది. ముక్కని వెలుతురులోకి తిప్పాడు. ఏడు పొరలూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. గోరు పెట్టి గీశాడు. ఎక్కడా దూరలేదు. అతను చూసిన అతుకుల్లో ఇంత మంచి అతుకు ఇంకోటి లేదు.

మైకులో రెండోసారి పిలిచారు. కూతురు వెళ్లి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి ఏదో చెప్పి వచ్చింది. వచ్చి బెంచీకి ఆ చివర కూర్చుని, రెండు ముక్కల్నీ ఒళ్లో పెట్టుకుంది. కోసిన చోట వేలితో పొట్టు దులిపింది.

"కొత్త అచ్చు చేద్దాం" అన్నాడు మేస్త్రి. "ఈసారి రెండు గీతలు గీస్తాను. ఇద్దరం కలిసి..."

పిల్ల పొట్టు దులుపుతూనే ఉంది. గుంటలో ఇంకెవరో దూకారు. చప్పట్లు మోగాయి. సిగ్గుతో చచ్చిపోతున్న మేస్త్రి ఆ సిగ్గు అడుగున ఇంకొకటి కదలడం గమనించాడు. తన కూతురు ఆ అంచు మీద లేదు. నేల మీద, బెంచీ మీద, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. పొద్దుటినుంచీ బిగపట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు. వదిలాక తన మీద తనకే అసహ్యం వేసింది.

కూతురు అప్పుడే తల తిప్పి అతని ముఖంలోకి చూసింది.

"నీకిప్పుడు హాయిగా ఉంది కదా నాన్నా" అంది.

అందులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగినట్టే ఉంది. ఏ విషయానికైనా ‘వద్దు’, ‘కాదు’, ‘కుదరదు’ అని తడుముకోకుండా చెప్పగలిగే మనిషి, ఆ ఒక్క ప్రశ్నకి లేదని చెప్పలేకపోయాడు.