వైరున్న హెడ్‌ఫోన్స్

చంద్రిక తాళం తప్పుతోందన్న మాట వాట్సాప్‌లో వచ్చింది. అదీ ఆమెకు విడిగా కాదు, అమెరికాలో వాళ్ళుండే షామ్‌బర్గ్ ఊరి తెలుగు పాటల గ్రూపులో అందరూ చదివేలా వచ్చింది. చంద్రిక గారు లయలో కాస్త ముందుకు పరిగెత్తుతున్నారనీ, అందుకని రెండో చరణం సోలో ఈసారికి దేదీప్య పాడుతుందనీ, ఎవరూ పర్సనల్‌గా తీసుకోవద్దనీ గ్రూపు నడిపే శ్యామ్‌సుందర్ రాశాడు. కింద ఒక నమస్కారం బొమ్మ పెట్టాడు. దాని కింద మిగతా వాళ్ళందరూ బొటనవేళ్ళు పెట్టారు.

పర్సనల్‌గా తీసుకోవద్దట. పాడే మనిషికి లయ పర్సనల్ కాకపోతే ఇంకేది పర్సనల్? తెనాలిలో మృదంగం మాస్టారి ఎదురుగా కూర్చుని, తొడ కందిపోయేదాకా తాళం వేస్తూ పాట నేర్చుకున్న మనిషి చంద్రిక. శ్రుతి ఒక్కోసారి జారుతుందంటే ఒప్పుకుంటుంది. ఈ చలికి గొంతు బొంగురుపోతుందన్నా ఒప్పుకుంటుంది. లయ దగ్గర మాత్రం ఎవరికీ తల వంచదు. ఆ మెసేజ్ చూసిన రోజు ఆమెకు అన్నం సయించలేదు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

పాట శ్యామ్‌సుందర్ సొంతంగా కట్టింది. ఉగాది సభలో తెర మీద వీడియోగా వేయాలని ఆయన ముచ్చట. గ్రూపులో వాళ్ళు ఎవరింట్లో వాళ్ళు క్లాజెట్‌లో దూరి తలుపేసుకుంటారు. చలికోట్లు, పట్టుచీరలు గుంపుగా వేలాడే చోట గొంతు గదిలో మారుమోగదు. ట్రాక్‌ను హెడ్‌ఫోన్స్‌లో వింటూ పాడితే గొంతు ఫోన్‌లో రికార్డవుతుంది. ఆ ఫైళ్ళన్నీ శ్యామ్‌సుందర్‌కి పంపితే ఆయన బేస్‌మెంట్‌లో కూర్చుని ఒకదాని మీద ఒకటి పేర్చి పాట చేస్తాడు.

అందరి హెడ్‌ఫోన్స్ ఒకటే ఉండాలన్న రూలు కూడా ఆయనదే. ఏదో డీల్ దొరికిందని అందరి చేతా ఒకే మోడల్ కొనిపించాడు. చంద్రిక ఒక్కతే కొనలేదు. ఆమె దగ్గర దాని పాత వర్షన్ ఉంది. అమెరికా వచ్చిన కొత్తలో కొనుక్కున్నది. సన్నటి స్టీలు పట్టీ, చెవుల మీద స్పాంజి, మడిస్తే కోటు జేబులో పట్టేస్తుంది. స్పాంజి చిరిగినప్పుడల్లా మార్చుకుంటూ వస్తోంది. కొత్త ఫోన్లకి గుచ్చాలంటే తోకలాంటి అడాప్టర్ ఒకటి తగిలించాలి, అంతే. అదే కంపెనీ అదే రూపంతో వైరు లేకుండా తెచ్చిన కొత్త వర్షన్‌ని తక్కిన వాళ్ళందరూ తలకి పెట్టుకున్నారు.

"పాతదాన్ని పట్టుకొని ఎన్నేండ్లు ఏలాడుతవ్? గా వైరు వల్లనే ఏదో అయితున్నది. కొత్తది ఆర్డర్ పెట్టిన, రేపొస్తది," అన్నాడు ఆమె భర్త జితేందర్. డీల్ అంటే చెవి కోసుకునే మనిషి. పెళ్ళాం బాధ సంగతి ఎలా ఉన్నా, డీల్ ముగిసేలోపు దాన్ని పట్టుకున్నాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, కొత్తది బాగుంది. వంట చేస్తుంటే వైరు సొరుగు పిడికి తగులుకోలేదు. డిష్‌వాషర్ సర్దుతూ వంగినా ఫోన్ కిందపడలేదు. పాత స్పాంజిలో వినిపించని మృదంగం ఎడమ వైపు గుమ్మనే దెబ్బలు ఇందులో నిండుగా పలికాయి. రెండు రోజులు చంద్రిక అది తీస్తే ఒట్టు. సరే, దీంతోనే ఇంకోసారి పాడి చూద్దామని క్లాజెట్‌లో దూరి మళ్ళీ రికార్డు చేసి పంపింది.

గంట తిరక్కుండా శ్యామ్‌సుందర్ ఫోన్ చేశాడు. ఇప్పుడు అతికినట్టు సరిపోయిందనీ, తాను ముందే చెప్పాననీ, తప్పంతా ఆ పాత హెడ్‌ఫోన్స్‌దేననీ, సోలో మళ్ళీ ఆమెకే ఇస్తున్నాననీ గడగడా చెప్పి పెట్టేశాడు. జితేందర్ మొహం చాటంత అయింది. కథ ఇక్కడితో అయిపోవాల్సింది. వేరే ఎవరైనా అయితే మిఠాయి పంచుకునేవాళ్ళే.

కానీ చంద్రిక పొట్టకూటికి చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏమీ సరిచేయకుండా బగ్ దానంతటది పోయిందంటే, అది ఎక్కడో దాక్కుందని అర్థం. పాడిన మనిషి మారలేదు, పాట మారలేదు. చెవులకి పెట్టుకున్నది మారితే తాళం ఎలా కుదురుతుంది? ఆమెకు సంతోషం బదులు అనుమానం పట్టుకుంది.

కూతురు దియ ఫోన్‌లో డ్రమ్స్ వాయించే యాప్ ఒకటి ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని, కొత్త హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తెర మీద వేలు కొట్టింది. వేలు పడింది, ఆ తర్వాత చప్పుడు వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే, వేలు ముందు, చప్పుడు వెనక. పాతది తగిలించి కొట్టింది. వేలూ చప్పుడూ ఒక్కటే. దియ కూడా రెండూ పెట్టుకుని చూసి, "ఇది లేట్ ఉంది అమ్మా" అని కొత్తదాన్ని వేలితో చూపించింది.

అప్పుడు అర్థమైంది. వైరు లేని దారిలో పాట చెవికి చేరేసరికి క్షణంలో ఇంత ముక్క ఆలస్యమవుతోంది. వినేవాళ్ళకి అది తెలియనే తెలియదు. దాంతోపాటు పాడేవాళ్ళు మాత్రం అంత వెనకే పాడతారు, పైగా సరిగ్గా పాడామనే అనుకుంటారు. గ్రూపంతా ఒకే మోడల్ కొంది కాబట్టి గ్రూపంతా ఒకేలా వెనకబడింది. చంద్రిక ఒక్కతే ఉండాల్సిన చోట ఉంది.

ఆదివారం శ్యామ్‌సుందర్ ఇంటికి బయలుదేరుతుంటే జితేందర్ అడ్డుపడ్డాడు. "సోలో వచ్చింది గదా, ఇంకేంది లొల్లి?"

"సోలో వచ్చింది. అన్న మాట పోలేదుగా," అంది చంద్రిక. కోటు ఒక జేబులో పాతది, ఒక జేబులో కొత్తది పెట్టుకుని మంచు తోసేసిన రోడ్డు మీద తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. నోరు మూసుకుంటే దక్కే సోలో ఆమెకు వద్దు. నా లయ సరైనదని తెలిసి కూడా, తప్పని ఒప్పుకున్నట్టు తెర మీద నవ్వుతూ ఎలా నిలబడను అనుకుంది.

బేస్‌మెంట్‌లో శ్యామ్‌సుందర్ రెండు మానిటర్ల ముందు ఉన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో పెద్ద సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్, చెయ్యి ఎప్పుడూ మౌస్ మీదే ఉంటుంది. అదే గ్రూపులో పాడే ఆయన భార్య రాధారాణి టీ తెచ్చి, ఏదో జరగబోతోందని పసిగట్టి అక్కడే కూర్చుంది. ఫైళ్ళు వచ్చాక ఏం చేశారని చంద్రిక అడిగింది.

"ఏముందండీ, అందరూ మృదంగానికి లేట్‌గా వచ్చారు. ఫోన్ రికార్డింగ్‌లో వచ్చే డిలే అనుకున్నా. అన్ని ట్రాక్‌లూ సెలెక్ట్ చేసి ఒకే ఆఫ్‌సెట్‌తో, అన్నిటినీ సమానంగా ముందుకి జరిపేశా. జరిపాక మీరొక్కరే ముందుకి పోయారు."

"జరిపే ముందు నా ట్రాక్ విడిగా విన్నారా?"

లేదన్నాడు. అందరికీ ఉన్న ప్రాబ్లమే ఆమెకూ ఉంటుంది కదా అన్నాడు. ఇన్ని గొంతులు ఒకలా ఉండి ఒకటి వేరుగా ఉంటే ఎవరైనా ఏమనుకుంటారని ఎదురడిగాడు. తర్వాత కాస్త గొంతు పెంచి, "అయినా ఇంతమందీ తప్పు, మీరొక్కరే కరెక్టా చంద్రిక గారూ?" అన్నాడు.

"అవును," అంది చంద్రిక. "ఈసారికి అంతే."

చంద్రిక దియ యాప్‌ని తన ఫోన్‌లోనూ వేసుకొచ్చింది. కొత్త హెడ్‌ఫోన్స్ ఆయన చెవులకి పెట్టించి, వేలితో కొట్టమంది. ఆయన కొట్టాడు. మొహం ముడిచి మళ్ళీ కొట్టాడు. పాతది పెట్టుకుని కొట్టి, దాన్ని తీసి చేతిలో తిప్పి చూశాడు. రాధారాణి కూడా లాక్కుని కొట్టి చూసి, "అయితే మేమందరం లేటా?" అంది నోరు తెరిచి. ఆయన జరిపినవన్నీ వెనక్కి తెచ్చి, చంద్రిక మొదట పంపిన ఫైలు పెట్టి వినిపించాడు. మృదంగం దెబ్బ మీద ఒకే ఒక్క గొంతు కచ్చితంగా పడింది. మిగతా గొంతులన్నీ దాని వెనకాల, బస్సు తప్పిపోయిన వాళ్ళలా, గుంపుగా వచ్చాయి.

శ్యామ్‌సుందర్ చెడ్డవాడు కాదు. ఇదంతా తన ఎండ్‌లో ఫిక్స్ చేసేస్తాననీ, అందరి ట్రాక్‌లూ అలాగే జరిపి ఆమెది వదిలేస్తే సరిపోతుందనీ, రెండు నిమిషాల పని అనీ అన్నాడు. గ్రూపులో మళ్ళీ ఇదంతా ఎందుకులే అని కూడా అన్నాడు.

"అందరి ముందు అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలి శ్యామ్ గారూ. నా తాళం తప్పలేదని రాయండి. టెక్నికల్ ఇష్యూ అని మాత్రం రాయకండి."

ఆయన భార్య వైపు చూశాడు. రాధారాణి టీ కప్పులోకి చూసుకుంది. చంద్రిక కదల్లేదు, కోటు కూడా విప్పలేదు. కాసేపటికి ఆమె జేబులో ఫోన్ మోగింది. తీసి చూసుకుంది. చంద్రిక గారి తాళం సరిగ్గానే ఉంది, వినకుండా మాట అన్నది నేనే, తప్పు నాది అని ఉంది. దాని కింద మొదటి బొటనవేలు దేదీప్యది. కొత్త హెడ్‌ఫోన్స్ రిటర్న్ చేయాలా అని ఎవరో కంగారుగా అడిగారు. అక్కర్లేదు, నడవడానికీ వంటకీ దానికి మించింది లేదు, పాడేటప్పుడు మాత్రం వైరున్నది పెట్టుకోండి అని చంద్రిక జవాబు రాసింది.

అప్పుడు కోటు విప్పింది. పాత హెడ్‌ఫోన్స్ తలకి పెట్టుకుని, చరణం ఇక్కడే పాడతాను, పెట్టండి అంది. ట్రాక్ మొదలైంది. కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, బొంగురు గొంతుతోనే పాడింది. ఇన్నాళ్ళ కోపమంతా లయలో నిలబెట్టి పాడింది. ఆఖరి అక్షరం మృదంగం ముక్తాయింపు మీద పడి ఆగింది.

కళ్ళు తెరిచేసరికి మానిటర్ మీద ఆమె గొంతు నీలం రంగు గీతగా పరుచుకుని ఉంది. శ్యామ్‌సుందర్ చెయ్యి అలవాటుగా మౌస్ మీదికి వెళ్ళి ఆ గీతను పట్టుకుంది.

"జరపకండి," అంది చంద్రిక.

ఆయన చెయ్యి తీసేశాడు.