గడియారం వాలిన వైపు

ఉద్యోగాల సీజను వచ్చిందంటే ఆ బిజినెస్ కాలేజీ హాస్టల్లో లేచినవాళ్ళు లేచినట్టే ప్లేస్‌మెంట్ ఆఫీసు వైపు వాలిపోయేవారు. పళ్ళు తోముకుంటూ వాలడమే, టీ కప్పు పట్టుకుని క్యూలో నిలబడీ వాలడమే. మనసెటుంటే మనిషి అటు వాలతాడు, అందులో వింతేముంది? వంటమనిషికి సీజనుతో పన్లేదు, పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచీ బస్టాండు వైపు వాలి గరిటె తిప్పుతున్నాడు. వాచ్‌మన్ మధ్యాహ్నమయ్యేసరికి తన మంచం వైపు వాలేవాడు. ఎవరి వాలు వాళ్ళది, ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ప్లేస్‌మెంట్ ఆఫీసరు మాత్రం బాగా పట్టించుకునేవాడు. స్కూలు పిల్లల కోణమానిని ఒకటి జేబులో పెట్టుకుని, కారిడార్లో కనబడ్డవాణ్ణల్లా ఆపి కొలిచేవాడు.

"కంపెనీవాళ్ళు మార్కులు తర్వాత చూస్తారు బాబూ, ముందు వాలు చూస్తారు. తమవైపు వాలనివాణ్ణి తీసుకుని ఏం చేసుకుంటారు?" అనేవాడు. అదీ నిజమే మరి.

చిక్కంతా గడియారంతో వచ్చింది. గడియారం అంటే గోడ మీద వేలాడేది కాదండీ, మూడో అంతస్తు కుర్రాడు. ఆ పేరు పెట్టింది హాస్టలే. అందరూ ఆఫీసు వైపు వాలితే వాడు పొద్దున్న కిటికీ వైపు, టిఫిన్ వేళకి తలుపు వైపు, పదింటికి బీరువా వైపు వాలేవాడు. ఒక్కచోట ఆగితేగా! ముల్లు తిరిగినట్టు రోజంతా తిరుగుతూనే ఉండేవాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

"నిలకడ లేదయ్యా నీకు," అన్నాడు ప్లేస్‌మెంట్ ఆఫీసరు, కోణమానినిని అటూ ఇటూ తిప్పి విసుగొచ్చి జేబులో పడేసుకుంటూ. "గోడమీద పిల్లి అయినా నీకంటే నయం. అది రెండు వైపులే చూస్తుంది."

వాడికీ అదే భయం. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "ఎటు వాలుతున్నావురా?" అని అడిగేవాడు. "ఆఫీసు వైపే నాన్నా," అని అబద్ధం చెప్పేవాడు. తనకి ఏదీ గట్టిగా అక్కర్లేదేమో, తను అసలేమీ కానేమో అని పక్క మీద పడుకున్నా అనిపించేది, అన్నం కలుపుతున్నా అనిపించేది. ఫైనల్ ఇంటర్వ్యూ దగ్గరికొచ్చేస్తోంది. ఒక్క పెద్ద కంపెనీ, ఒక్క రోజు. ఆ రోజు కుర్చీలో కూర్చుని గిర్రున తిరిగితే రెండేళ్ళ చదువూ గంగపాలే.

వాడి రూమ్మేటుకి ఇలాంటి బాధల్లేవు. వాణ్ణి హాస్టలంతా బుల్లెట్ పాయింట్ అని పిలిచేది, ఎందుకంటే వాడు పాయింట్లుగా తప్ప మాట్లాడడు.

"చూడు గడియారం. ఒకటి, నీ సమస్య వాలు. రెండు, దాన్ని దాచాలి. మూడు, లావుపాటి ఫైనాన్స్ పుస్తకాలు రెండు బ్యాగులో పెట్టి కంపెనీవాళ్ళ వైపు వేలాడదీసుకో. బరువుకి అటే వాలతావు."

"ముల్లు ఇటు తిరిగితే?"

"నాలుగు, భుజం మార్చుకో."

ఇలా ఉండగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక నిద్రమత్తులో జరిగే కమ్యూనికేషన్ క్లాసులో మేడమ్ కొత్త గొడవ మొదలుపెట్టింది. వచ్చే ఏడాది రిటైరయ్యే మనిషి, ఎవరికి భయపడుతుంది? "ఈసారి స్లైడ్లు లేవు. ఒక నవల చదువుకుందాం," అని అందరికీ తలో కాపీ పంచింది.

బుల్లెట్ పాయింట్ చెయ్యెత్తాడు. "మేడమ్, దీన్నుంచి ఎన్ని మార్కులకి వస్తుంది?"

"సున్నా."

"మరి ముఖ్యాంశాలు?"

"ముఖ్యాంశాలతో పనైపోతే రాసినాయన అవే రాసి హాయిగా పడుకునేవాడు కదా నాయనా! చదువు."

చదివారు. ఒకళ్ళు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు విన్నారు. నాలుగు పేజీలు తిరిగేసరికి క్లాసంతా వాలు మానేసి నిటారుగా కూర్చుంది. ఎవరి మనసూ ఎవరి పని మీదా లేదు మరి, అందరూ నవల్లోని ఏటి రేవు దగ్గరున్నారు. తలుపు సందులోంచి చూసిన ప్లేస్‌మెంట్ ఆఫీసరు గుండె గుభేలుమంది. "ఇంటర్వ్యూలు పెట్టుకుని పిల్లల్ని తిన్నగా చేసేస్తే ఎలా మేడమ్!" అని లబోదిబోమన్నాడు. బెల్లు మోగి పుస్తకాలు మూసేశారో లేదో, మళ్ళీ అందరూ ఆఫీసు వైపు వాలారు. అప్పటికి గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు.

గడియారం మాత్రం ఆ పుస్తకాన్ని వదల్లేదు. వాడికి మందు దొరికినట్టయింది. చదివినంతసేపూ ముల్లు ఆగుతోంది! భోజనం తర్వాత ఒక అధ్యాయం, పడుకోబోయే ముందు ఒక అధ్యాయం, డాక్టరు రాసిచ్చినట్టే వేసుకున్నాడు. అది చూసి బుల్లెట్ పాయింట్ ఇంటర్నెట్లో ఆ నవల సారాంశం ఒక్క పేజీది సంపాదించి చదివేసి, గోడకి ఆనుకుని కొలుచుకున్నాడు. వెంట్రుకంత కూడా తిన్నగా కాలేదు. "మోసం," అన్నాడు. అని ఊరుకోక, గడియారం పైకి చదువుతుంటే మంచం మీద కూర్చుని విన్నాడు. కాసేపటికి పాయింట్లు మర్చిపోయి, "తర్వాత? తర్వాతేమైందిరా?" అని వెంటపడ్డాడు.

నవల్లో పెద్ద కథేమీ లేదు. ఏటి రేవులో పడవ నడిపే అన్న, రోజూ ఏరు దాటాల్సిన తమ్ముడు. ఒకరోజు మాటామాటా వచ్చింది. ఆ మర్నాటి నుంచీ తమ్ముడు పడవెక్కడు. ఎగువనెక్కడో ఉన్న వంతెన దాకా ఎండలో నడిచి, చుట్టూ తిరిగి అవతలికి పోతాడు. ఎవరైనా అడిగితే "నడక ఒంటికి మంచిది" అంటాడు.

"ఎందుకు ఎక్కడు?" అని క్లాసులో అడిగింది మేడమ్.

"ఈగో మేడమ్," అన్నారొకరు. "పౌరుషం," అన్నారింకొకరు. "టైమ్ మేనేజ్‌మెంట్ లేదు మేడమ్," అన్నాడు వెనకబెంచీవాడు, అందరూ నవ్వారు.

ఏనాడూ నోరు విప్పని గడియారానికి ఎక్కడ్లేని కోపమొచ్చింది. "పౌరుషమూ కాదు, పాడూ కాదు మేడమ్. సిగ్గు. నోరు జారింది తనే అని వాడికి తెలుసు. ఎక్కితే అన్న తిట్టడు. ఏమీ అనకుండా తెడ్డు వేస్తాడు. అది వీడు తట్టుకోలేడు."

మేడమ్ కళ్ళజోడు తీసి వాడివైపు చూసింది. "నీకెలా తెలుసు బాబూ? మనం ఇంకా అంతదాకా చదవలేదుగా?"

వాడు పుస్తకంలోకి తల దించుకున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే కొత్తగా వినబడింది.

ఇంటర్వ్యూకి ముందురోజు లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని చదువుతున్నాడు. తమ్ముడు వంతెన వైపు బయల్దేరినవాడల్లా ఆగి, వెనక్కి తిరిగి, రేవు దాకా వచ్చి నిలబడ్డాడు. అక్కడితో అధ్యాయం అయిపోయింది. పుస్తకం మూశాడు. మూయగానే వాలు తిరిగొచ్చి కిటికీ వైపు లాగింది. ఎప్పుడూ లాగిందని విసుక్కునేవాడే గానీ ఏం లాగుతోందో చూసేవాడు కాదు. ఆవేళ చూశాడు.

కింద రోడ్డు మీద నెత్తిన బోర్డు పెట్టుకుని డ్రైవింగ్ స్కూలు కారొకటి కుంటుకుంటూ పోతోంది. కారు ముందుకి కదిలింది, వాడి భుజం ముందుకి కదిలింది. కారు మూల తిరిగింది, వాడు కుర్చీలో తిరిగాడు. కారు కాలేజీ వెనక్కి వెళ్ళింది, వాడి వీపు వెనక్కి వంగింది. నేర్పేవాళ్ళు కూర్చునే వైపు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, వెనక హారన్ కొడుతున్న బస్సుని 'ఆగవయ్యా కాస్త' అన్నట్టు ఆపింది. ఆ చెయ్యి వాడికి తెలుసు. చిన్నప్పుడు రోడ్డు దాటించిన చెయ్యి.

అది వాళ్ళక్క. బ్యాంకులో మంచి ఉద్యోగం వదిలేసి, నాకు ఇదే బావుందని కార్లు నేర్పడం మొదలుపెట్టింది. నాన్న దానితో మాటలు మానేశాడు. నాన్నకి నచ్చాలని వీడూ ఒక మాటన్నాడు. "మధ్యలో దిగిపోయేదానివి నువ్వు. నేను అలాంటివాణ్ణి కాను." అక్క ఏమీ అనలేదు. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వీడు కాలేజీలో చేరాడు. ఒకే ఊళ్ళో ఉంటూ రెండేళ్ళు ఫోన్ చెయ్యలేదు.

రెండేళ్ళ నుంచీ నిలకడ లేదు, నిలకడ లేదు అని లోకమంతా అంటే నిజమేననుకున్నాడు. తను ఒక్కవైపే వాలుతున్నాడు, ఒక్కసారి కూడా తప్పకుండా. తిరుగుతున్నది అక్క కారు!

కిందికి పరిగెత్తాడా అంటే, లేదు. కాళ్ళు రాలేదు. రేపు ఇంటర్వ్యూ ఉందిగా అని తనకి తనే చెప్పుకున్నాడు. నడక ఒంటికి మంచిదన్నట్టే అది కూడా.

మర్నాడు బ్యాగులో రెండు ఫైనాన్స్ పుస్తకాలు వేసుకుని, ఉతికిన చొక్కా అప్పుడే చెమటకి తడిసిపోగా లోపలికెళ్ళాడు. బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడే పెద్ద. వీడు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ముందుకి వాలాడు. బాగానే ఉంది. మొదటి ప్రశ్న బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. సరిగ్గా అప్పుడు కాలేజీ వెనక సందులో కారు రివర్స్ తీస్తున్న చప్పుడు వినబడింది. ఇంకేముంది, కుర్చీ ముందుకాళ్ళు గాల్లోకి లేచాయి.

"ఏంటి బాబూ, మా కంపెనీ అంటే అంత అయిష్టమా? వెనక్కి వాలుతున్నావు?" అంది మధ్యలో ఉన్నావిడ.

వాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వెన్నునొప్పని చెబుదామని బుల్లెట్ పాయింట్ నేర్పించాడు. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడే నవల్లోవాడు కళ్ళముందు కనబడ్డాడు, ఎండలో వంతెన వైపు పోతూ, నడక ఒంటికి మంచిదని చెప్పుకుంటూ.

"అయిష్టం కాదు మేడమ్. కింద మా అక్క ఉంది. రెండేళ్ళ కిందట అనకూడని మాటన్నాను. అప్పట్నుంచీ అటే వాలుతున్నాను. ఆ సంగతి నిన్ననే తెలిసింది."

పక్కాయన పెన్ను మూత పెట్టేశాడు, పనైపోయిందన్నట్టు. ఆవిడ కూడా వచ్చినప్పట్నుంచీ ఎడమవైపుకి కొంచెం వాలే ఉంది, ఎటో ఎవరూ అడగలేదు.

"తెలిసి కూడా ఇక్కడ కూర్చున్నావా?" అంది. "లే. వెళ్ళు. తర్వాతి అబ్బాయిని పిలవండి."

ఉద్యోగం పోయిందనుకున్నాడు. నాన్నకి ఏం చెప్పాలి? అయినా కాళ్ళు మెట్ల వైపే పరిగెత్తాయి, ఈసారి లాగుతున్న వైపే పోతున్నాయి కాబట్టి తేలిగ్గా పోయాయి.

సందులో కారు గోడకి అడ్డంగా ఆగి ఉంది. స్టీరింగు ముందు ఒక పళ్ళ డాక్టరు, రోజూ ఊళ్ళోవాళ్ళందర్నీ భయపెట్టే మనిషి, తనే వణికిపోతున్నాడు. పక్కన, నేర్పేవాళ్ళ కోసం పెట్టిన రెండో బ్రేకు మీద కాలు గట్టిగా నొక్కిపెట్టి అక్క.

"ఏరా, ఇంటర్వ్యూ కదా ఇవాళ?" అంది, నిన్ననే మాట్లాడినట్టు.

"ఎవరు చెప్పారు?"

"అమ్మ. ఇంకెవరు చెబుతారు, నువ్వు చెబుతావా?"

"ఊళ్ళో ఇన్ని రోడ్లుండగా మా కాలేజీ చుట్టే ఎందుకు తిప్పుతున్నావక్కా?"

"ఇక్కడ ట్రాఫిక్ తక్కువ," అంది, అద్దం సర్దుతూ.

"అక్కా, ఆ రోజు నేను..."

"ముందు ఎక్కు. సందుకి అడ్డంగా ఉన్నాం."

వెనక సీట్లో కూర్చున్నాడు. అక్క ఏమీ అనలేదు. ఏమీ అనకుండా "క్లచ్ మెల్లగా వదలండి" అంది డాక్టరుతో. తట్టుకోలేననుకున్నది ఇదే. కళ్ళు తుడుచుకుని, "తప్పు నాదే," అన్నాడు వాడు, ఆవిడ వీపు చూస్తూ.

"తెలుసులే," అంది అక్క. సర్దిన అద్దాన్నే మళ్ళీ సర్దింది.

కారు సందు దాటి రోడ్డెక్కింది. కాసేపటికి డాక్టరు కంగారుపడ్డాడు. "మేడమ్, బండికేదో అయింది."

"ఏమైంది?"

"రోజూ కాలేజీ వైపు లాగేసేది కదా! ఇటునుంచి వస్తే కుడికి, అటునుంచి వస్తే ఎడమకి. చేతులు పడిపోయేవి నాకు. ఇవాళ లాగట్లేదేంటి?"

"రెండేళ్ళ నుంచీ లాగుతూనే ఉందిరా," అంది అక్క వెనక్కి తిరక్కుండా. "చక్రాలు మార్పించాను, స్టీరింగు విప్పించాను. ఏ లోపమూ లేదంటాడు మెకానిక్కు."

కారు గీత గీసినట్టు పోతోంది. వాడు ఒళ్ళో ఉన్న ఫైనాన్స్ పుస్తకాల బ్యాగు తీసి పక్కన పెట్టి చూసుకున్నాడు. సీటుకి వీపు ఆనకుండానే నిటారుగా ఉన్నాడు, చేతిలో నవల కూడా లేదు.

కాలేజీ గేటు ముందు బుల్లెట్ పాయింట్ చేతులూపుతూ ఎగురుతున్నాడు. "ఒకటి, ఇంటర్వ్యూ ఆవిడ నిన్ను మళ్ళీ రమ్మంది! రెండు, నిటారుగా వస్తే మాట్లాడదాం అంది! మూడు, ఎక్కడ చచ్చావురా!"

వాడు దిగలేదు. "ఉద్యోగం నాకు కావాలో వద్దో ఇంకా తెలీదక్కా."

"అయితే వెళ్ళి అదే చెప్పు. సాయంత్రం వచ్చి మనింటికి తీసుకెళ్తా, నువ్వూ ఉంటే నాన్నతో నేనూ మాట్లాడగలనేమో." అక్క మొదటిసారి వెనక్కి తిరిగింది. "ఈసారి మధ్యలో దిగిపొమ్మంటున్నది నేనే కదా, దిగు."

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వాడు దిగి గేటు దగ్గర నిలబడ్డాడు. కారు కదిలింది, మూల దాకా వెళ్ళింది, మలుపు తిరిగి కనుమరుగైంది. వాడు ఎటూ వాలలేదు. మలుపు అవతల్నుంచి పళ్ళ డాక్టరు కేక ఒక్కటి వినబడింది, "మేడమ్, మీరు బ్రేకు మీంచి కాలు తీసేశారేంటండీ!"