చల్లారిన ఇస్త్రీ పెట్టెలు

చొక్కాకి ముందు కాలరు చెయ్యాలి, తర్వాత భుజాలు, ఆ తర్వాత చేతులు, ఆఖరున గుండీల పట్టీ. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో భువనేశ్వరి ఈ వరస ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు పొద్దున కూడా భర్త చలపతిరావు తెల్ల చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి కరెంటు పెట్టె ఆనించబోతుంటే, వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"భువనా, వరండాలో తుక్కంతా శుభ్రంగా తోమిపెట్టు. రేపు పొద్దున బసవేశ్వరరావు వ్యాను తీసుకొస్తున్నాడు."

తుక్కంటే ఏంటో ఆమెకి విడమరిచి చెప్పనక్కర్లేదు. వెనక వరండాలో చెక్కబల్లల మీద వరసగా కూర్చున్న పంతొమ్మిది పాత ఇస్త్రీ పెట్టెలు. అన్నీ బొగ్గులవే. వాటి పక్కన రేవులో బట్టలు బాదే చెక్క ఒకటి, బట్టలు ఉడకబెట్టే మట్టి బాన ఒకటి, మూత ఊడిన నీలిమందు డబ్బా ఒకటి.

"ఎక్కడికండీ?"

"సూర్యలంకలో వాడి రిసార్టుకి. మొన్న మనింటికొచ్చినప్పుడు చూసి మోజుపడ్డాడు. లోపలికి అడుగుపెట్టగానే కనపడేలా గోడకి బిగిస్తాడంట. బంగారు రంగు వేయిస్తాడంట. కింద బోర్డు కూడా పెడతాడంట, 'చలపతిరావుగారి సేకరణ' అని." ఆయన నవ్వాడు. "కాలరు మాడుతోంది, చూసుకో."

చూసుకుంది. మాడలేదు. ఆమె చేతిలో ఇంతవరకూ ఏదీ మాడలేదు. మాడుతుందేమో అన్న భయంతోనే ఇన్నేళ్ళూ గడిచిపోయాయి.

భువనేశ్వరికి భయాలెక్కువ. పదో తరగతితో చదువాపేసిన మనిషి, లోకంలో జరిగే ఘోరాలన్నీ పేపర్లో చదివి అవన్నీ తన ఇంటికే వస్తాయని నమ్మే మనిషి. కూతురు భవ్య రెండోసారికి ఫోనెత్తకపోతే రైలు పట్టాలు తప్పినట్టే. వాన నాలుగు చినుకులు పడితే తుఫానే. అన్నిటికంటే పెద్ద భయం ఇస్త్రీ పెట్టె. ఆపానా, లేదా? ఒకసారి రేపల్లెలో ఆడపడుచు కూతురి పెళ్ళికి అందరూ రైల్లో వెళుతుంటే ఈ అనుమానం గొంతు దాకా వచ్చి, వేమూరు స్టేషన్లో దిగిపోయింది. ఆటోలో తెనాలి వచ్చి తలుపు తీసి చూస్తే స్విచ్చు ఆపే ఉంది. మంచం మీద మాత్రం ఆమె పెళ్ళికి కట్టుకుందామనుకున్న పట్టుచీర ఇస్త్రీ లేకుండా మడతల్లో పడుంది. పొద్దున ఇంటిల్లిపాదివీ చేసేసరికి తన చీర వంతు రాలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. చుట్టాలకి మాత్రం వేమూరు దొరికింది. ఎవరు ఏది మర్చిపోయినా "వేమూర్లో దిగు" అనడం, పగలబడి నవ్వడం. చలపతిరావు అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

పాత పెట్టెల పిచ్చి మొదలైంది ఆ తర్వాతే. మొదటిది అత్తగారిది. పిట్టలవానిపాలెం ఇల్లు సర్దుతున్నప్పుడు అటక మీద దొరికింది, మోయలేనంత బరువైన ఇత్తడి పెట్టె. కోడలిగా వచ్చిన కొత్తల్లో "మీ అమ్మ నీకు గీత పడేలా మడత పెట్టడం కూడా నేర్పలేదా?" అని పదిమందిలో అడిగిన ఆదిలక్ష్మి, ఆఖరి రోజుల్లో పక్షవాతంతో కుడిచెయ్యి బిగుసుకుపోయి మంచాన పడి ఉంది. ఆ పెట్టె తెచ్చి చూపిస్తూ, భువనేశ్వరి ఊరికే, ఏమీ అనుకోకుండానే, ఆ చేతిని పిడి దగ్గర పెట్టింది. ఎవరి మాటా వినని ఆ వేళ్ళు పిడి చుట్టూ ఇట్టే అమరిపోయాయి. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి వంకర తిరిగి పోయిందనుకున్నారు అందరూ. అది ఇస్త్రీ పెట్టె పట్టుకున్న ఆకారంలోనే ఉంది. "ఎనిమిదో నెల కడుపుతో కూడా మీ మావగారి పంచెలు చేశానే," అంది ఆదిలక్ష్మి. మణికట్టు మీద పాత మచ్చ చూపించింది. "చల్లగా ఉంటే ఇది ఇంత బాగుంటుందని తెలీదు."

ఆ రోజునుంచీ ఆవిడ మీద కోపం ఎక్కడికి పోయిందో పోయింది. పెట్టెలు మాత్రం రావడం మొదలుపెట్టాయి. పాత సామాన్ల మస్తాన్ వీధిలోకి వస్తే, చలపతిరావు చదివి పడేసిన పేపర్ల కట్ట తక్కెట్లో ఒకవైపు, పాత పెట్టె ఒకవైపు. బరువుకి బరువు. "అమ్మా, లోకమంతా ఇనుము ఇచ్చి గిన్నెలు తీసుకుంటే నువ్వు కాగితాలిచ్చి ఇనుము మోస్తావేంటమ్మా," అనేవాడు మస్తాన్. అంటూనే, కొల్లూరు వైపు వెళ్ళినా కరగబెట్టేవాళ్ళకి ఇవ్వకుండా ఆమె కోసం తీసిపెట్టేవాడు.

మొదట్లో ఒక పొరపాటు చేసింది. మస్తాన్ తెచ్చిన తొలి పెట్టె పిడిని గరుకు కాగితంతో గీకి గీకి తెల్లగా చేసింది. చేశాక చూస్తే, బొటనవేలు ఆనిచోట పడిన నల్లటి గుంట మాయమైంది. ఎవరో ఆడమనిషి ఏళ్ళ తరబడి పట్టుకుంటే పడిన గుర్తు అది. తెలియని మనిషి ఇంట్లోకి వెళ్ళి ఆమె ఫోటో చింపేసినట్టనిపించింది. ఆ తర్వాత చెక్క పిడి జోలికి వెళ్ళలేదు. ఇత్తడికి చింతపండు, ఇనుముకి కొబ్బరినూనె, పిడికి పొడిగుడ్డ. అంతే.

ఇవెందుకు ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు. వీటికి స్విచ్చు లేదు. ఆపానా లేదా అన్న బాధ లేదు. కొబ్బరిచిప్పల బొగ్గులు ఏనాడో బూడిదయ్యాయి. గుండె దడదడలాడినప్పుడల్లా వరండాలోకి వచ్చి ఒక్కొక్క పెట్టె మీదా అరచెయ్యి పెట్టేది. చల్లగా ఉండేవి. పంతొమ్మిదో దాని దగ్గరికి వచ్చేసరికి దడ తగ్గేది.

ఆ మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ ధైర్యం కూడదీసుకుంది.

"అవి ఇవ్వద్దండీ. అవి నావి."

"నావీ నీవీ ఏంటే కొత్తగా? ఇంట్లో ఉన్నవన్నీ మనవే. మాటిచ్చాను." ఆయన పప్పు కలుపుకున్నాడు. "ఇన్నాళ్ళూ తుక్కన్నాను, ఇవాళ విలువ తెలిసింది, సంతోషించు. ఊరికే ఇంట్లో ఉండేదానివి, నీ వల్ల నాకో పేరొస్తోంది."

ఊరికే ఇంట్లో ఉండేదానివి. ఆ మాట కొత్తది కాదు. అయినా గిన్నెలు సగంలో వదిలేసింది. వరండాలోకి వెళ్ళి రేపల్లె సుబ్బమ్మ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్టేషను దగ్గర బండి మీద ఇస్త్రీ చేసిన మనిషి సుబ్బమ్మ. ఎడమచేతి వాటం. అందుకే ఆ పెట్టె పిడి అన్నిటిలా కాకుండా అటువైపు అరిగింది. మోకాళ్ళు పట్టేశాక పని మానేస్తూ భువనేశ్వరి చేతికే ఇచ్చింది. "కరగబెట్టేవాడికి ఇవ్వలేనమ్మా. నా పిల్లలు ముగ్గురూ దీని వేడికే పెరిగారు. నీ దగ్గరైతే ఊరికే కూర్చుంటది. ఊరికే కూర్చోటం ఎలా ఉంటదో దానికీ తెలియాలి గదా."

ఆ పిడి మీద బంగారు రంగు. అడుగున మేకులకి చిల్లులు.

అప్పుడే ఫోను మోగింది. భవ్య. భర్త హేమంత్‌తో బాపట్లలో కాపురం, వేటపాలెం జీడిపప్పు కంపెనీలో సూపర్‌వైజరు. ఈ వేళప్పుడు ఎప్పుడూ చెయ్యదు. ఎత్తేలోపే భువనేశ్వరి మనసులో బస్సు కాలవలో పడింది, ఆసుపత్రి మెట్లు కూడా ఎక్కేసింది.

"ఏమైందే?"

"ఏం కాలేదమ్మా. పొద్దున నీకు ఫోన్ చేసి ఇస్త్రీ పెట్టె ఆపానో లేదో అంటే వెనక్కెళ్ళి చూడమన్నావుగా? వెళ్ళాను. ఆపే ఉంది. బస్సు పోయింది. ఇక్కడ పనివాళ్ళందరి ముందూ మేనేజరు అరిచాడు. అది కాదమ్మా. నేను పరిగెత్తుకుంటూ ఇంట్లోకి వచ్చేసరికి హేమంత్ సోఫాలో కాఫీ తాగుతూ, 'వచ్చావా, మీ అమ్మలాగే నువ్వూ వేమూరే' అన్నాడు. నవ్వాను. ఇప్పుడెందుకో ఏడుపొస్తోంది."

కూతురిని ఏదో చెప్పి ఊరడించింది. ఫోను పెట్టేశాక సుబ్బమ్మ పెట్టెని తిరిగి బల్ల మీద పెట్టింది. పిల్లకి తన ముక్కు వచ్చింది, తన జుట్టు వచ్చింది, సంతోషించింది. ఇది కూడా వెళ్ళిందా? పాలతో పాటు ఇదీ పట్టించానా? పొద్దున వెనక్కెళ్ళమన్నది తనే. ఒక్క క్షణం ఆలోచించకుండా అనేసింది, తనకి తను ఎప్పుడూ చెప్పుకునే మాటే గనక. పిల్ల వెనక్కి పరిగెత్తుతుంటే సోఫాలో కాఫీ తాగుతున్న మనిషి ఆమె కళ్ళ ముందు కదిలాడు. అతను హేమంతే కానక్కర్లేదు.

సాయంత్రం దాకా ఆమె పెట్టెలు తోముతూనే ఉంది. వంట గదిలోంచి ఒక అట్టముక్క తెచ్చి, పెన్నుతో ఏదో రాసి, చిల్లు పొడిచి దారం కట్టి, పక్కన పెట్టుకుంది.

మర్నాడు ఎనిమిదింటికి వ్యానొచ్చింది. బసవేశ్వరరావు తనే ముందు సీట్లోంచి దిగాడు. "చెల్లెమ్మా, సిద్ధమేనా?" అన్నాడు. లోపలినుంచి చలపతిరావు, స్నానం చేసి బనీనుతో, "భువనా, చొక్కా!" అని కేకేశాడు.

భువనేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. చేతుల్లో పాత దుప్పటి మూట. ఆయన అరుస్తాడు. పెట్టెలన్నీ వీధిలోకి విసిరేస్తాడు. బీపీ పెరిగి పడిపోతాడు. అంబులెన్సు రాదు. అన్నీ వరసగా కనిపించాయి. అయినా మూట ముందుకి చాచింది.

బసవేశ్వరరావు విప్పి చూశాడు. లోపల వైరు చుట్టిన కరెంటు ఇస్త్రీ పెట్టె. దానికి వేలాడుతూ అట్టముక్క. మీద గుండ్రటి అక్షరాలు: భువనేశ్వరి, తెనాలి.

"ఇదేంటమ్మా, ఇది కొత్తదేగా?"

"పాతదే అన్నయ్యగారూ. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టింది. రెండుసార్లు కాయిలు మార్చాం. ఇరవై ఏడేళ్ళు రోజూ వాడాను. మీ గోడకి పెట్టుకోండి. రంగు మాత్రం వెయ్యద్దు."

"మరి మిగతావి?"

"మిగతావి రావండి. అవి పని మానేసి కూర్చున్నాయి. మళ్ళీ మీ గుమ్మంలో నిలబెట్టి వచ్చేపోయేవాళ్ళకి కాపలా పెట్టలేను. చూడాలనుకున్నవాళ్ళు ఇక్కడికే రావచ్చు, ఏది ఎవరిదో చెప్తాను."

చలపతిరావు బయటికి వచ్చాడు. "ఏంటే ఇది? నేను మాటిచ్చానని చెప్పానా లేదా?"

"చెప్పారండీ. మీ మాట మీరిచ్చారు. నా పెట్టె నేనిచ్చాను."

బసవేశ్వరరావు గొంతు సవరించుకుని, దుప్పటి మళ్ళీ చుట్టి, "సరేలేరా, తర్వాత మాట్లాడుకుందాం," అంటూ వ్యాను వైపు నడిచాడు. మూట మాత్రం వదల్లేదు.

చలపతిరావు విసురుగా వరండాలోకి వెళ్ళాడు. ఆమె వెనకే పరిగెత్తింది, విసిరేస్తాడనే అనుకుంది. ఆయన మొదటి బల్ల మీది ఇత్తడి పెట్టెని ఎత్తాడు. ఆ బరువుకి చెయ్యి కిందికి వంగింది. కింద దారంతో కట్టిన అట్ట కనిపించింది. అత్తగారి పెట్టెకి కూడా రాసి కట్టిందామె, నిన్న సాయంత్రం. ఆయన చదివాడు: ఆదిలక్ష్మి, పిట్టలవానిపాలెం.

"ఇది అమ్మదా?"

"అవునండి."

"అమ్మ చేతికి ఇక్కడ మచ్చ ఉండేది," అన్నాడు తన మణికట్టు చూపిస్తూ. "చిన్నప్పుడు అడిగితే నవ్వేది."

"దీనిదేనండీ."

ఆయన ఆ పెట్టెని దింపాడు, నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లని దింపినట్టు. కాసేపటికి, దండెం మీంచి తీసిన చొక్కా ముడతలతోనే తొడుక్కుని, "సెంటర్లో ముత్తయ్య ఇస్త్రీ బండి ఎన్నింటికి తీస్తాడు?" అని అడిగాడు.

"ఏడింటికే తీస్తాడంట. రేపట్నుంచి మీరే ఇచ్చి తెచ్చుకోండి."

ఆయన తన ఎరువుల కొట్టుకి వెళ్ళిపోయాడు. ఇల్లు కూలలేదు. అంబులెన్సు అవసరం పడలేదు.

రెండు రోజుల తర్వాత భువనేశ్వరి కూతురిని చూడ్డానికి బాపట్ల రైలెక్కింది. నేత చీర, ఉతికి ఆరేసి మడత పెట్టింది పెట్టినట్టే కట్టుకుంది. కుచ్చిళ్ళు కాగితంలా నిలబడలేదు, మెత్తగా కాళ్ళకి చుట్టుకున్నాయి. రైలు నిడుబ్రోలు దాటుతుండగా అలవాటు ప్రకారం గుండెలో రాయి పడింది. ఇస్త్రీ పెట్టె ఆపానా? లేచి నిలబడింది కూడా. ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆపడానికి ఇంట్లో అది లేదు. ఎదుటి సీట్లో చేపల బుట్ట పెట్టుకున్న ఆవిడ, "ఏం వదినా, స్టేషనొచ్చిందా?" అంది. "ఇంకా లేదండి," అని కూర్చుంది. తనకే నవ్వొచ్చింది.

ఫోను మోగింది.

"అమ్మా, బస్సు ఎక్కబోతున్నా. పెట్టె ఆపానో లేదో..."

నోటిదాకా వచ్చేసింది, వెనక్కెళ్ళవే అని. పళ్ళ బిగువున ఆపింది. బాపట్లలో అద్దె ఇల్లు, గదిలో కర్టెన్లు, మంటలు, పొగ. అన్నీ కనిపించాయి. కళ్ళు మూసుకుంది. అరచేతిలో ఎడమవైపు అరిగిన చల్లటి పిడి తగిలినట్టయింది.

"పొద్దున ఎవరి చొక్కా చేశావమ్మా?"

"ఆయనదే."

"అతనెక్కడున్నాడు?"

"ఇంట్లోనే. పదింటికి గదా కాలేజీ."

"అయితే అతనికి ఫోన్ చేసి చూడమని చెప్పు. నువ్వు బస్సెక్కు."