రెండు వందల పన్నెండు పేజీలు

నాకు రాసిపెట్టే జబ్బు ఉంది. అది ఈ నాచారం ఆఫీసులోనే అంటుకుంది. పదకొండేళ్ల క్రితం నేను చేరేసరికి, నాకంటే ముందు పనిచేసినాయన ఒక్క ముక్క రాయకుండా వెళ్లిపోయాడు. మందుల షాపులవాళ్లు సరుకు ఆర్డరు పెట్టుకునే పెద్ద వెబ్‌సైటు మాది. అందులో ఏది ముట్టుకుంటే ఏది కూలుతుందో తెలుసుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. నా తర్వాత వచ్చేవాళ్లకి ఆ గతి పట్టకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

అందుకే మా మేనేజరు గిరిప్రసాద్ గారు పిలిచి, "బిందుమాధవి గారూ, సైటు గురించి మీకు తెలిసిందంతా డాక్యుమెంటు రాయండి. రాబోయే ఐదేళ్ల ప్లాను కూడా మీరే వెయ్యండి" అన్నప్పుడు పొంగిపోయాను.

పక్క సీటు దుర్గేష్ తల కొట్టుకున్నాడు. బిల్లుల భాగం అతనొక్కడికే తెలుసు. "అక్కా, మొత్తం రాసినంక ఇగ నీతోని వాళ్లకేం పని? జర కడుపుల దాసుకో. నేనైతే ఒక్క లైను గూడ రాయ."

"నీలాంటివాళ్ల వల్లే నేను మెట్ల మీద ఏడ్చింది" అని మండిపడ్డాను.

మూడు నెలలు కూర్చుని రెండు వందల పన్నెండు పేజీలు రాశాను. నెలాఖరున సర్వర్ని ఎందుకు ఆపి మళ్లీ నడపాలో కూడా వదల్లేదు. విడిగా మెయిల్లో పంపిన ఐదేళ్ల ప్లానులో మూడో అంశం భద్రత: ఉద్యోగం మానినవాళ్ల అకౌంట్లు అదే రోజు తీసెయ్యాలి. అది గిరిప్రసాద్ గారికి తెగ నచ్చి, వెంటనే అమల్లో పెట్టారు.

ఆ శుక్రవారమే నన్ను పిలిచారు. "ఇంత వివరంగా రాశారు కదా, ఇక సీనియర్ అక్కర్లేదని పైవాళ్లు అంటున్నారండీ." దుర్గేష్ ఉద్యోగం మాత్రం పదిలం. గేటు దగ్గర నా బ్యాగు వెతికారు. కాపీ తీసుకెళ్లకూడదన్న రూలుకి కట్టుబడి నేనేమీ తీసుకోలేదు. నిజాయితీ అట, నా మొహం!

పది రోజులకి ఉప్పల్ మెట్రో స్టేషన్లో ఉండగా గిరిప్రసాద్ గారి ఫోను. "సైటు ఆగిపోయిందండీ. ఆ డాక్యుమెంటు ఎక్కడ పెట్టారు?"

"నా ఆఫీసు అకౌంటులో."

"ఆ అకౌంటు ఫైళ్లతో సహా మీరు వెళ్లిన రోజే తీసేశాం కదండీ. మీ దగ్గర కాపీ ఉందా?"

"లేదండీ."

అంటే పది రోజుల్లో ఒక్కరూ దాన్ని తెరవలేదు. ఎవరూ చదవని పుస్తకానికి నా ఉద్యోగం బలైపోయింది. ప్లాట్‌ఫాం మీద నిలబడి గట్టిగా తిట్టుకున్నాను, పక్కవాళ్లు చూస్తున్నా సరే.

మర్నాడు ఇంకో ఫోను. నా స్థానంలో వచ్చిన అమ్మాయట, పేరు సంతోషి. "అక్కా, మీ నంబరు దుర్గేష్ అన్న ఇచ్చిండు. ఏడ షురూ జెయ్యాల్నో సమజైతలేదు. మెట్ల మీద కూసోని మాట్లాడుతున్న. జర జెప్తరా?"

ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. మొదటి పేజీ మొదటి వాక్యం కూడా గుర్తుంది.

"ఎనిమిది నెలలు పడుతుందమ్మా. నాకూ అంతే పట్టింది" అని ఫోను పెట్టేశాను.

ఆ మాట అంటున్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఉద్యోగం పోయిన సంగతి ఎలాగో మింగాను గానీ, ఆ హాయి మాత్రం ఇంకా మింగుడు పడటం లేదు.