ఓడెక్కిన ఆసుపత్రి ఫ్లాస్కు

"మెల్లగా దించండమ్మా, లోపల గాజుంది."

నన్ను ఎవరు ఎత్తినా మొదట నేననే మాట ఇదే. ఎవరికీ వినపడదు, అయినా అంటూనే ఉంటాను. నేను ఒక ఫ్లాస్కుని. ఇప్పటి స్టీలు ఫ్లాస్కుల్లాంటిదాన్ని కాదు. వాటికేం, మెట్ల మీంచి దొర్లినా ఓ చొట్టతో సరిపెట్టుకుంటాయి. నేను పాతరకం దాన్ని. పైన ఎర్ర ప్లాస్టిక్ ఒళ్ళు, దాని మీద రెండు తెల్లపూలు, లోపలంతా గాజు. జరగాల్సింది జరగకముందే భయపడిపోవడం నా పుట్టుకలోనే ఉంది.

నన్ను తయారు చేసిన కార్ఖానా ఏ ఊళ్ళో ఉందో తెలియదు. కొలిమి వేడి మాత్రం గుర్తుంది. ఒక సీసాలో ఇంకో సీసాని దించి మూతులు అతికించారు. అద్దంలా మెరిసే పూత పూశారు. ఆ తర్వాత రెండు గోడల మధ్య ఉన్న గాలినంతా లాగేసి, అడుగున చిన్న ముడి పెట్టి మూసేశారు. ఆ ఖాళీ ఉంది కాబట్టే వేడి నిలుస్తుందని అక్కడొకాయన కొత్తవాళ్ళకి గొప్పగా చెబుతుంటే విన్నాను. ఎవరూ తగలనంత దూరంగా ఉంటేనే వెచ్చగా ఉంటానట. ఆయనకది గొప్పగానే ఉంటుంది. లోపల ఉండేదాన్ని నేను కదా.

విశాఖపట్నం పూర్ణామార్కెట్టులో ఒక స్టీలు సామాన్ల కొట్టుకి చేరాను. కొన్నాయన బేరం కూడా ఆడలేదు. "త్వరగా ఇవ్వండి, ఆసుపత్రికెళ్ళాలి" అన్నాడు. ఆయన భార్యకి పురుడు. తల్లీబిడ్డా క్షేమంగానే ఇల్లు చేరారు, కానీ నా పని ఏమిటో ఆ రోజే తేలిపోయింది. ఆ వీధిలో ఇంకెవరికీ ఫ్లాస్కు లేదు. ఎవరైనా గుమ్మం దగ్గరకొచ్చి "ఫ్లాస్కుందా అండీ?" అని అడిగితే, "అయ్యో, ఎవరికి బాలేదు?" అని ఎదురడిగేవాళ్ళు. జ్వరాలు, ఆపరేషన్లు, పక్షవాతాలు, అన్నింటికీ వెళ్ళాను. మంచాల కిందా, కిటికీ గట్ల మీదా కూర్చుని, ఏం చెబుతారో అని డాక్టర్ల మొహాల్లోకి చూసేదాన్ని. పెళ్ళికి గానీ పేరంటానికి గానీ నన్ను ఎవరూ తీసుకెళ్ళలేదు.

అలా ఒకసారి పైడిరత్నం అనే ఆవిడ చేతికి వచ్చాను. ఆవిడ భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. వర్షాకాలమంతా తిరిగాం. ఆయన ఇంటికి రాలేదు. కర్మకాండలయ్యాక ఆవిడ నన్ను చింతపండు పెట్టి తోమి, పొడిగుడ్డతో తుడిచి, తిరిగి ఇవ్వడానికి పట్టుకెళ్ళింది. నా యజమానురాలు గేటు తియ్యలేదు. "ఉంచేసుకో అమ్మా, మాకింక అక్కర్లేదులే" అంది, నావైపు చూడకుండా. అంతకుముందు ఏడాదే ఆవిడ బిడ్డకి నాలోంచే పాలు పోసింది. మనిషి పోయిన ఇంటినుంచి వచ్చిన ఫ్లాస్కు మనుషులకి అక్కర్లేదు. అలా పైడిరత్నానికి నేనూ, నాకు పైడిరత్నమూ మిగిలాం.

మిగిలామంటే కలిసి ఉన్నామని కాదు. నన్ను అటక మీద పెట్టింది. అక్కణ్ణించి వంటిల్లు మొత్తం కనపడుతుంది. ఆవిడ జాకెట్లు కుట్టడమూ, కూతురు కుసుమ చదువుకోవడమూ, పెద్దదవ్వడమూ అన్నీ పైనించే చూశాను. తల్లీకూతుళ్ళు తెల్లారగానే చెరో గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చుని కాఫీ తాగేవారు. చిక్కటి డికాక్షన్ వాసన నా దాకా వచ్చేది. ఒక రోజు ఆ పిల్ల హోటల్ కోర్సు పూర్తి చేసి, షికారు ఓడలో కాఫీ కొట్టు ఉద్యోగం వచ్చిందని చెప్పింది. పైడిరత్నం చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "నీళ్ళ మీదా? తుఫానొస్తేనో? ఎవడైనా చెయ్యి పట్టుకుంటేనో? నీకేదైనా అయితే నాకెవరే చెబుతారు?" నేనూ పైనించి అవే ప్రశ్నలు వేస్తున్నాను. మా ఇద్దరి మాటా ఆ పిల్ల వినలేదు, వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి పైడిరత్నం చిన్న అపార్టుమెంటుకి మారింది. నా అటకా మారింది. ఒకరోజు చేతులకి పిండి అంటుకుని ఉందని ఫోను గట్టు మీద పెట్టి, స్పీకర్లో కుసుమతో మాట్లాడుతోంది. అప్పుడే ఎదురింటి సత్యవేణి తలుపు తోసుకుని వచ్చింది. అపార్టుమెంటు ఆడవాళ్ళందరికీ పెద్దదిక్కు ఆవిడ. ఎవరింటికి ఏ సంబంధం కుదర్చాలన్నా ఆవిడే.

"పైడిరత్నం, మీ అమ్మాయి ఎక్కడ చేస్తందన్నావు?"

"చెన్నైలోనండీ. బ్యాంకులో."

 గట్టు మీద ఫోను కట్టయింది.

ఆవిణ్ణి నేను తప్పు పట్టలేను. ఓడ మీద కప్పులందించే పిల్ల అంటే ఎవరేమనుకుంటారో, రేపు పెళ్ళెలా అవుతుందో అని భయం. ఆ భయంలోంచి ఆ మాట జారిపోయింది. కానీ విన్నది కూతురు. ఆ రోజునుంచి కుసుమ ఫోను ఎత్తలేదు. ఈవిడ చేస్తూనే ఉంది. "ఎత్తవే తల్లీ, ఒక్కసారి ఎత్తు" అని మోగుతున్న ఫోనుతో చెప్పేది. అది మోగి మోగి ఆగిపోయేది. కింద ఆవిడ, పైన నేను. ఇద్దరికీ పలకరించేవాళ్ళు లేరు.

ఆ ఏడు అపార్టుమెంటు ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళే ట్రిప్పుకి సత్యవేణి ఓడ ప్రయాణం ఖాయం చేసింది. విశాఖలో ఎక్కి మళ్ళీ విశాఖలోనే దిగడం. ఏ ట్రిప్పుకీ రాని పైడిరత్నం ఓడ పేరు వినగానే మొట్టమొదట తన పేరిచ్చింది. అది కుసుమ పనిచేసే ఓడ. ఆ సంగతి నాకప్పటికి తెలియదు. స్టూలెక్కి నన్ను కిందికి దించుతుంటే నా గాజు గోడలు వణికాయి. నన్ను దించారంటే ఎవరికో ఒంట్లో బాలేదన్నమాటే. ఎవరికి?

ఓడ చూశాక నా అనుమానం రూఢి అయింది. ఎక్కేముందు గేటు దగ్గర ఒకతను నా మూత తీసి లోపలికి తొంగిచూసి, తినేవీ తాగేవీ తేకూడదన్నాడు. లోపల పొడుగాటి వరండాలు, తలుపుతలుపుకీ నంబరు, లిఫ్టు, తెల్ల దుప్పట్లు బిగించి పరిచిన మంచాలు. భోజనానికి వెళ్ళేవాళ్ళ చేతులకి గుమ్మం దగ్గరే మందు రాస్తున్నారు. కింద డాక్టరు గది ఉందట. ఓడ కదిలాక ముగ్గురు వాంతులు కూడా చేసుకున్నారు. ఇంకేం అనుమానం? నీళ్ళ మీద కట్టిన ఆసుపత్రి ఇది. కాకపోతే సాయంత్రమయ్యేసరికి రోగులంతా తళుకుల బట్టలు కట్టుకుని డాన్సులు మొదలుపెట్టారు. వైద్యం మారిపోయిందేమో అనుకున్నాను.

కాఫీ దగ్గరా అంతే. పైన భోజనాల హాల్లో కాఫీ ఊరికే ఇస్తారు. మిషను మీట నొక్కితే గోధుమరంగు వేడినీళ్ళు వస్తాయి, పైన పాలపొడి ఉండలు తేలుతుంటాయి. సత్యవేణి ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టేసింది.

"ఏటిది పైడిరత్నం, గిన్నెలు కడిగిన నీళ్ళా?"

"వేడిగా ఉంది కదండీ, పోన్లెండి."

"కింద కొట్లో మంచి కాఫీ ఉందంట. దానికి వేరే డబ్బులంట! టిక్కెట్టు కొని ఎక్కేం కదా, మళ్ళీ ఏటి? కాఫీకొక రేటు, ఇచ్చినందుకు సర్వీసు, దాని మీద టాక్సు. రేపు సముద్రం చూసినందుక్కూడా వేస్తారు!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు. ఆసుపత్రిలోనూ గది అద్దెలో దూది కలవదు. ఎక్కేటప్పుడు తలా కొంత డబ్బు కట్టించుకుని మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. దాన్ని మిషనుకి తాకిస్తే డబ్బు పోతుంది. చేత్తో నోట్లు ఇస్తే నొప్పి తెలుస్తుంది. ఇది మత్తిచ్చి తీసినట్టు.

అందరూ పడక కుర్చీల్లో ఎండకి కూర్చున్నప్పుడు పైడిరత్నం నన్ను సంచిలో పెట్టుకుని ఒక్కతే మెట్లు దిగింది. కింద కాఫీ కొట్టు. గట్టు వెనక, నల్ల ఏప్రాన్ కట్టుకుని, జుట్టు వలలో బిగించుకుని కుసుమ. చిక్కిపోయింది. అప్పుడు నాకర్థమైంది, మేం ఎవరిని చూడడానికి వచ్చామో.

ఆ పిల్ల తలెత్తింది. చేతిలో పాలచెంబు కదలకుండా నిలిచిపోయింది. అంతే, మళ్ళీ మామూలైపోయింది.

"వాట్ వుడ్ యూ లైక్, మేడమ్?"

పైడిరత్నం నన్ను గట్టు మీద పెట్టింది. "కుసుమా... ఇందులో పొయ్యవే."

"సారీ మేడమ్. సొంత ఫ్లాస్కులు నాట్ అలౌడ్."

కాగితం కప్పులో కాఫీ వచ్చింది. పైన నురగ మీద ఆకు బొమ్మ. కార్డు మిషనుకి తాకింది. "థాంక్యూ మేడమ్. నెక్స్ట్ ప్లీజ్." వెనక వరసలో ఉన్నాయన దగ్గాడు, మేం పక్కకి జరిగాం.

ఐసీయూ దగ్గరా ఇంతే. రెండు నిమిషాలు చూడనిచ్చి బయటికి పొమ్మంటారు. అక్కడైతే ఊరికే చూడనిచ్చేవారు, ఇక్కడ కాఫీ కొనాలి. పనిలో ఉన్నవాళ్ళు ప్రయాణికుల పక్కన కూర్చోకూడదట. వాళ్ళుండే గదుల వైపు ప్రయాణికుల్ని రానివ్వరట. ఆ పిల్ల ఎదురుగా నిలబడడానికి పైడిరత్నానికి ఉన్న దారి ఆ వరస ఒక్కటే.

ఆవిడ మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడింది.

ఆ రోజూ మర్నాడూ అదే పని. "తిన్నావా?" అని ఒకసారి. "ఒంట్లో బాగుందా, కళ్ళకింద ఆ నలుపేంటి?" అని ఒకసారి. "నాదే తప్పే" అని ఒకసారి, ఎవరికీ వినపడనంత మెల్లగా. అన్నింటికీ ఒకటే మాట. "థాంక్యూ మేడమ్." కోపంగా తిట్టినా బావుండేది. ఆ మర్యాద చూస్తే నాకే చలేసింది. కొన్న ప్రతి కాఫీనీ ఆవిడ మెట్ల పక్క బల్ల దగ్గరకి తీసుకెళ్ళి, ఒక్క చుక్క తాగకుండా నాలో పోసేది. కూతురు చేత్తో చేసింది పారబొయ్యలేదు, గొంతు దిగదు. ఆకు బొమ్మలన్నీ నా మూతి దగ్గరే కరిగిపోయేవి. నేను వేడి పట్టుకోగలను గానీ పాలు విరక్కుండా ఆపలేను. మెడదాకా నిండి, లోపల పులుపెక్కుతుంటే, మూత తెరిస్తే ఏమవుతుందో అని నా భయం నాది.

మర్నాడే ఓడలో మాకు ఆఖరి రోజు. మధ్యాహ్నం మళ్ళీ వరసలో నిలబడ్డాం. ఈసారి సత్యవేణి కూడా మా వెనకే వచ్చింది, ఆ కాఫీ సంగతేదో చూద్దామని. పైడిరత్నం కార్డు తాకించింది. మిషను కూసింది. మళ్ళీ తాకించింది. మళ్ళీ కూసింది.

"కార్డులో బ్యాలెన్స్ లేదు మేడమ్," అంది కుసుమ, కళ్ళెత్తకుండా.

పైడిరత్నం కార్డుని చీర కొంగుతో తుడిచి, ఇంకోసారి తాకించబోయింది.  వేరే డబ్బు లేదు. రేపు పొద్దున్న దిగిపోతాం. ఇంక ఈ గట్టు ముందు నిలబడే వీలు లేదు.

"అంతా అయిపోయిందా!" సత్యవేణి ముందుకొచ్చింది. "ఏం కొన్నావే? ఏం తిన్నావు?"

"ఏం లేదండీ. కాఫీలే."

"కాఫీలా? అన్ని డబ్బులూ?" సంచిలోంచి నన్ను లాగి, గట్టు మీద పెట్టి, మూత తిప్పేసింది. "ఒలమ్మో! పూటుగా ఉంది. వాసనొస్తంది కూడా!" అప్పుడావిడ కుసుమ మీదికి తిరిగింది. పైడిరత్నం తరఫున పోట్లాడుతున్నాననే అనుకుంది పాపం. "ఏమ్మా, తెలుగొచ్చా నీకు? అమాయకురాలు దొరికిందని ఇన్ని అమ్మేస్తావా? సగం నురగే కదా! నురక్కి టాక్సా? ఈ చేదు తాగలేక చూడు, పారబొయ్యలేక చూడు, ఫ్లాస్కులో దాచుకుంది. ఎవరు నేర్పేరే నీకు కాఫీ పెట్టడం? ఇంటికాడ అమ్మ లేదా?"

వరసలో అందరూ మావైపే చూస్తున్నారు. కుసుమ పెదవులు బిగించి నిలబడింది.

"నేనే నేర్పేనండీ," అంది పైడిరత్నం.

"ఏటీ?"

"నా కూతురండీ. కుసుమ. బ్యాంకు లేదు, ఏం లేదు. ఇక్కడే చేస్తంది. కాఫీ పెడతది." ఇదంతా గట్టిగానే అంది. వరస చివరివాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. "దాన్నేం అనకండి. ఏదైనా అంటే నన్ననండి."

సత్యవేణి పైట సర్దుకుంది.   కుసుమ గుడ్డ తీసుకుని గట్టు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. పైడిరత్నం కదల్లేదు. ఈ రెండ్రోజుల్లో అడగాల్సినవన్నీ అడిగేసింది. నేను ఆ ఇద్దరి మధ్యా మూత లేకుండా కూర్చుని ఉన్నాను. ఇప్పుడు కూడా "థాంక్యూ మేడమ్" అంటే ఈవిడ ఏమైపోతుందో, ఆ మెట్లు ఎలా ఎక్కుతుందో అని నా ప్రాణం కొట్టుకుంటోంది.

గుడ్డ నా దాకా వచ్చి ఆగింది. ఆ పిల్ల వంగి నా లోపలికి చూసింది. నిన్నటివీ ఇవాళ్టివీ, తను పోసినవన్నీ ఉన్నాయి. 

"ఒక్కటీ తాగలేదేటే అమ్మా?" అంది చివరికి. "అంత చేదుగా పెడతన్నానా?"